దండనాయకుడి మీద నా అభ్యంతరం

దండనాయకుడు నా బొటనవేలికంటే కొంచెం పొడుగు. తలపాగా, భుజాన తువ్వాలు, కుడిచేతిలో కత్తి. ఎడమచెయ్యి వెనక్కి చాపి, తన వెంట రమ్మని ఎవరినో పిలుస్తున్నట్టు నిలబడి ఉంటాడు. పైపుల లీకులు మూయడానికి వాడే ముద్దతో చేసిన బొమ్మ. ఆ ఆదివారం మధ్యాహ్నం దాన్ని బల్ల మీద పెట్టగానే, ఎంత బాగుందో అన్నాను. అన్న నోటితోనే, దీన్ని ఆటలోకి రానివ్వడానికి వీల్లేదని కూడా అన్నాను.

మేము ఆడేది బొమ్మల యుద్ధం. గవర్నర్‌పేటలో ఒక స్టేషనరీ హోల్‌సేల్ కొట్టు మీద, రెండో అంతస్తులో మాకొక గది ఉంది. ఆదివారం కింద కొట్లన్నీ మూసేసి ఉంటాయి. ఆటోల మోత కూడా తక్కువే. గదిలో సగాన్ని ఒక్క బల్లే ఆక్రమించుకుంటుంది. దాని మీద మా డెల్టా ఉంటుంది: థర్మోకోల్‌తో చేసిన గట్లు, నీలం రంగు పూసిన కాలువ, నడుమ నీటిని ఆపే తలుపులతో ఒక లాకు, కొబ్బరి ఈనెలతో తాటిచెట్లు, రెండు మూడు గడ్డివాములు. అటూ ఇటూ రెండు సైన్యాలు. వంతులవారీగా సిపాయిల్ని టేపుతో కొలిచి నడిపిస్తాం. బాణం తగిలిందా లేదా, సిపాయి నిలబడ్డాడా పారిపోయాడా అన్నది పాచిక చెబుతుంది. ఆఖరి వంతు అయ్యేసరికి లాకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు గెలిచినట్టు. బయట దొరికే ఆటల నియమాలు చదివి, నచ్చినవి ఉంచుకుని, నచ్చనివాటిని వాదించి వాదించి తీసేసి, ఈ ఆటను మా సొంతం చేసుకున్నాం.

ఇందులో నేనెందుకు పడ్డానంటే, ఆ వాదన కోసమే. నేను చర్చావేదికల్లో పెరిగినవాణ్ణి. దేవుడున్నాడా లేడా, తద్దినం పెట్టాలా వద్దా, పెళ్లికి పురోహితుడు ఎందుకు అని సాయంత్రాలు గొంతులు బొంగురుపోయేలా కొట్టుకున్న హాళ్లలో నా చదువు సగం అయింది. ఆ తర్వాత ఇంటర్మీడియట్ పిల్లలకు లాజిక్ చెప్పి రిటైరయ్యాను. రిటైరయ్యాక తెలిసింది, వాదించడానికి మనుషులు దొరకడం ఎంత కష్టమో. ఇప్పుడు ఎవరితోనైనా రెండు ముక్కలు గట్టిగా మాట్లాడితే, "వాట్సాప్‌లో పెట్టండి సార్, చూస్తాను" అని వెళ్లిపోతారు. ఈ గదిలో అలా కాదు. ఇక్కడ ఒక నియమం తప్పని నిరూపిస్తే ఆ నియమం నిజంగానే పోతుంది. నా జీవితంలో ఇంకే సభలోనూ ఆ అనుభవం నాకు కలగలేదు.

ఇంట్లో మాత్రం మా ఆవిడ వదిలిపెట్టదు.

"దేవుడి బొమ్మలొద్దని గూళ్లు ఖాళీ చేయించారు. ఇప్పుడు సిపాయి బొమ్మలు కావాల్సొచ్చాయా?"

"వీటికి నేను దణ్ణం పెట్టట్లేదే."

"పెట్టట్లేదు గానీ, దుమ్ము దులపబోతే ముట్టుకోనివ్వట్లేదుగా. రెండూ ఒకటే."

దులిపే గుడ్డ ఆవిడ చేతిలోంచి నేనే తీసుకున్నాను.

దండనాయకుణ్ణి చేసింది నా పాత ప్రత్యర్థి. హనుమాన్ జంక్షన్‌లో లారీ బుకింగ్ ఆఫీసు నడుపుతాడు. వాళ్లది ప్రొటెస్టెంట్ కుటుంబం. చర్చిలో పాటలు ఆయనే ఎత్తుకుంటాడు. కుర్రతనంలో ఒక సభలో దేవుడి తరఫున ఆయనా, ఎదుటిపక్షాన నేనూ మొదటిసారి తలపడ్డాం. ఆ రోజు ఎవరూ గెలవలేదు. స్నేహం మాత్రం కుదిరింది. ఆయన నన్ను మాస్టారూ అంటాడు, నేను ఆయన్ని బ్రదర్ అంటాను. కంటికి శుక్లం ఆపరేషనయ్యాక చాలాకాలం బొమ్మలు చేయడం మానేశాడు. గీత మీద గీత పడటం లేదని, రంగు హద్దు దాటిపోతోందని బాధపడేవాడు. ఆపరేషన్ తర్వాత చేసిన మొదటి బొమ్మ ఈ దండనాయకుడే. ఎండాకాలమంతా దీంతోనే గడిపాడు. బొమ్మతోపాటు దాని నియమాలు రాసిన కార్డు కూడా తెచ్చాడు.

మా గదిలో కొత్త బొమ్మ ఏదొచ్చినా ఒక పద్ధతి ఉంది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే నేరుగా ఆటలోకి వస్తుంది. చెబితే పరీక్ష పెడతాం. ఆ పరీక్షలో అభ్యంతరం చెప్పినవాడే ఆ బొమ్మను తీసుకుని ఆడాలి. చేసినవాడు దానికి ఎదురు ఆడాలి. బొమ్మ నియమాలు మరీ బలమైనవని నేనంటే, దాంతో గెలిచి చూపించాలి. కాదని ఆయనంటే, తను చేసిన బొమ్మను తనే ఓడించాలి. ఇద్దరికీ మోసం చేసే దారి లేదు. నేను గెలిస్తే బొమ్మ గోడవారనున్న అద్దాల బీరువాలోకి వెళుతుంది. అక్కడికి వెళ్లింది మళ్లీ బల్ల మీదికి రాదు. చూసి మెచ్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఆపరేషనైన కంటితో ఎండాకాలమంతా చేసిన బొమ్మకు ఆ గతి పట్టవచ్చని తెలిసే నేను అభ్యంతరం చెప్పాను. స్నేహం కోసం నోరు మూసుకుంటే ఆయనే నన్ను క్షమించడు.

కార్డులో ఉన్నవి రెండే నియమాలు. ఒకటి: దండనాయకుడికి ఆరంగుళాల లోపల ఉన్న సిపాయిలెవరూ ధైర్యం పాచిక వేయనక్కర్లేదు. మా ఆటలో పక్కవాడు పడిపోతే ప్రతి సిపాయీ పాచిక వేయాలి. ఒకటో రెండో పడితే పారిపోతాడు. అంటే భయపడ్డ ముగ్గురిలో ఒకడు పోతాడు. దండనాయకుడి దగ్గర ఉంటే ఆ బెడదే లేదు. రెండు: దండనాయకుడు పడిపోతే, ఆయన కనబడేంత దూరంలో ఉన్న తన సిపాయిలందరూ బల్ల దిగి పారిపోతారు. ఖరీదు: ఆయన్ని తీసుకున్నవాడు ఐదుగురు సిపాయిల్ని వదులుకోవాలి.

"ఒక వంతులో ఆరుగురు పాచిక వేయాల్సొస్తే ఇద్దరు పోవాలి," అన్నాను. "మీవాడుంటే ఒక్కడూ పోడు. మూడు వంతులు తిరిగేసరికి మీరు చెప్పిన ఐదుగురి ఖరీదూ వచ్చేసింది. ఆ తర్వాతంతా ఉత్త లాభమే. అసలు లెక్క సంగతి అటుంచండి. ఒక మనిషి కత్తి పట్టుకుని నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లందరి భయం ఎగిరిపోతుందా? ఇది యుద్ధ నియమం కాదు బ్రదర్, తాయెత్తు."

ఆయన నవ్వాడు. "దేవుణ్ణే ఒప్పుకోని మనిషి నా కమాండర్ని ఒప్పుకుంటాడనుకోవడం నాదే బుద్ధితక్కువ."

"దేవుడు కనీసం మా లాకు జోలికి రాడు."

"మీరు ఒక్కటి మర్చిపోతున్నారు మాస్టారూ. ఆరంగుళాలంటే ఎంత? జానెడు కూడా లేదు. ఆ జానెట్లో ఎంతమందిని కుక్కుతారు? మిగతా బల్లంతా ఎవరు కాస్తారు?"

"కుక్కి చూపిస్తాను."

న్యాయనిర్ణేతగా పామర్రు నుంచి వచ్చే మేడమ్ కూర్చున్నారు. కాలేజీలో లెక్కలు చెబుతారు. మా ఇద్దరికంటే వయసులో చిన్న, మాటలో పెద్ద. "వాదన అయిందాండీ? అయితే టేపు తీయండి. నాకు సాయంత్రం పామర్రు బస్సుంది, మీ ఇద్దరి కోపం చల్లారేదాకా ఉండదది," అన్నారు.

ఆట మొదలైంది. నాకు దండనాయకుడూ పదిహేనుమంది సిపాయిలూ. ఆయనకు ఇరవైమంది. నేను మనసులో పథకం వేసుకునే వచ్చాను. దండనాయకుణ్ణి కాలువ గట్టు మీద ముందు నడిపించి, పదిహేనుమందినీ ఆయన చుట్టూ గుత్తిగా ఉంచాను. ఎవడైనా ఆరంగుళాలు దాటాడేమోనని ప్రతి వంతుకూ టేపు పెట్టి చూసుకున్నాను. బాణాలు పడ్డాయి, ముగ్గురు పోయారు. మిగిలినవాళ్లలో ఒక్కడు కూడా కదల్లేదు. మూడో వంతుకే లాకు నా చేతిలోకి వచ్చింది.

"చూశారా?" అన్నాను. "తాయెత్తు పనిచేస్తోంది."

బ్రదర్ బీరువా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు, కానీ ఆట ఆపలేదు.

బ్రదర్ తన సిపాయిల్ని రెండుగా చీల్చాడు. కొందర్ని నా ఎదురుగా గట్టు మీద ఉంచి, విలుకాళ్లను మాత్రం పొలాల్లోంచి చుట్టూ తిప్పి, లాకు పక్కనున్న గడ్డివాము వైపు పంపడం మొదలుపెట్టాడు. నాకది కనబడుతూనే ఉంది. ఇద్దరు సిపాయిల్ని ఆ వాము దగ్గరకు పంపితే చాలు, దారి మూసుకుపోతుంది. పంపలేదు. ఎందుకంటే ఆరంగుళాలు దాటితే, పక్కవాడు పడ్డప్పుడల్లా ఆ ఇద్దరూ పాచిక వేయాలి. లోపల ఉంటే భయమే లేదు కదా, బయటికెందుకు పంపడం? ప్రతి వంతుకూ నా చెయ్యి ఆ సిపాయిల దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. బొమ్మల గురించి మాట్లాడుతున్నానని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను: నా సిపాయిలకు ఆ దండనాయకుడి మీద ఎంత గురి ఉందో తెలియదు గానీ, నాకు మాత్రం విపరీతంగా కుదిరిపోయింది.

"మాస్టారూ, ఆ వాము వెనక ఎవరో నక్కుతున్నారు," అన్నారు మేడమ్.

"నిర్ణేతలు సలహాలివ్వకూడదు."

"సలహా కాదండీ, జాలి."

ఆరో వంతులో విలుకాళ్లు వాము పక్కనుంచి బయటికొచ్చారు. ఎదురుగా, చెయ్యి వెనక్కి చాపి, అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు దండనాయకుడు. బ్రదర్ పాచిక చేతిలోకి తీసుకుని అలాగే ఉండిపోయాడు.

"వెయ్యండి," అన్నాను.

"వేస్తానుండండి. వాడి మీసానికే నాలుగు రోజులు పట్టింది నాకు."

"మీ బిడ్డను మీరే కొట్టుకోవాలని రాసుంది బ్రదర్ గారూ. కానివ్వండి," అన్నారు మేడమ్.

వేశాడు. ఆరు పడింది. దండనాయకుడు పడిపోయాడు. బ్రదరే తన వేలితో మెల్లగా పక్కకు వాల్చాడు.

రెండో నియమం ప్రకారం నా పన్నెండుమందీ పారిపోవాలి. లాకు వాళ్ల చేతిలో ఉంది. గట్టు వాళ్ల కాళ్ల కింద ఉంది. వాళ్లలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఒక్కొక్కణ్ణీ తీసి బల్ల అంచున పెట్టాను. బల్ల మీద నా వైపు ఎవరూ మిగల్లేదు. బ్రదర్ సిపాయిలు ఖాళీ లాకులోకి తాపీగా నడుచుకుంటూ వచ్చారు.

పద్ధతి ప్రకారం అక్కడితో అయిపోయింది. నేను ఓడాను, నా అభ్యంతరం వీగిపోయింది, దండనాయకుడు ఆటలోకి వచ్చేసినట్టే. నేను చెయ్యి చాపాను. బ్రదర్ అందుకోలేదు. బల్ల అంచున వరసగా నిలబెట్టిన నా పన్నెండుమంది వైపు చూస్తున్నాడు.

"ఇదేం గెలుపండీ!" అన్నాడు. "వీళ్లెందుకు పారిపోయారు?"

"మీరు రాశారు కాబట్టి."

"రాశాను. రాసినప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు చూస్తుంటే సిగ్గుగా ఉంది. అంతసేపు ఆయన పక్కన నిలబడ్డవాళ్లు, ఆయన పడగానే ఒక్కడంటే ఒక్కడు లాకు పట్టుకుని ఉండడా? అలాంటి సైన్యానికి కమాండరైతే ఎంత, కాకపోతే ఎంత? రెండో నియమం కొట్టేద్దాం మాస్టారూ."

"కొట్టేయడానికి లేదు."

"ఎందుకని?"

"అది ఒక్కటే ఆయనకున్న లోటు. అది కూడా తీసేస్తే ఐదుగురు సిపాయిల ఖరీదుకి ఓడిపోని సైన్యం దొరుకుతుంది. ఆయన పడితే అందరూ పారిపోవలసిందే. ఒక మనిషి మీద ఆధారపడ్డందుకు అదే ధర."

"మనుషులు అలా ఉండరు!"

"ఉంటారు! ఇప్పుడే చూశాం!"

ఇద్దరం లేచి నిలబడ్డాం. ఎంతసేపు అరుచుకున్నామో తెలియదు గానీ, మేడమ్ టేపుతో బల్ల మీద కొట్టారు.

"ఒక్క నిమిషం ఆగండి. మాస్టారేమో నాయకుడు పడితే జనం పారిపోవాల్సిందే అంటున్నారు. బ్రదర్ గారేమో నాయకుడు లేకపోయినా జనం నిలబడతారంటున్నారు. మధ్యాహ్నం మీరిద్దరూ ఎవరి పక్షాన వచ్చారో మీకేమైనా గుర్తుందా? నాకు మాత్రం కలిసిపోయారు."

ముందు బ్రదర్ నవ్వాడు. నాకు కొంచెం ఆలస్యమైంది. మా పాత సభల్లో ఒక కట్టుబాటు ఉండేది: ఎదుటివాడి వాదన అతను ఒప్పుకునేలా చెప్పగలిగాకే ఖండించాలి. అది నాకు ఒంటబట్టిన అలవాటు. కాబట్టి కూర్చుని ఆయన మాట చెప్పడం మొదలుపెట్టాను. "మీరనేదేమిటంటే, మనిషి ధైర్యం ఇంకొకడి చేతిలో ఉండదు. వాడు పోయినంతమాత్రాన అది పోదు. నిలబడాలో పారిపోవాలో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి." చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఇవి నేను జీవితమంతా వేదికల మీద చెప్పిన మాటలే. ఇప్పుడు వాటికి ఎదురుగా నిలబడి గొంతు చించుకుంటున్నాను.

"అదే," అన్నాడు బ్రదర్. "సరిగ్గా అదే నా మాట."

"అయితే ఎవరి పాచిక వాళ్లు వేయాలి," అన్నాను. "ఆయన పడితే అందరూ పారిపోవడం కాదు, అందరూ నిలబడటమూ కాదు. ప్రతి సిపాయీ వేయాలి. నాలుగూ ఆపైన పడితేనే నిలబడతాడు. మామూలు భయం కంటే పెద్ద భయం కదా."

బ్రదర్ కార్డు చేతిలోకి తీసుకున్నాడు. "బాగుంది. కానీ ఒకటి. ఆయన పడేటప్పటికి ఆరంగుళాల లోపల ఉన్నవాళ్లకి, పడినదానికి ఒకటి కలపండి. ఆయన దగ్గర వీళ్లు కొంతైనా నేర్చుకుని ఉంటారు కదా మాస్టారూ. అదీ లేకపోతే ఆయన ఉండి ఏం లాభం?"

దీనికి నేను ఒప్పుకోకూడదు అనుకుంటూనే కారణం కోసం వెతికాను. దొరకలేదు. మహిమ అయితే మనిషితో పోవాలి. నేర్పిన విద్య ఎందుకు పోతుంది? నేను క్లాసులోంచి బయటికి రాగానే నా విద్యార్థులు లాజిక్ మర్చిపోయారంటే నేనొప్పుకుంటానా? చాలామంది మర్చిపోయారనుకోండి, అది వేరే సంగతి.

"కలపండి," అన్నాను.

"నియమం మారింది కాబట్టి ఆయన పడ్డ దగ్గర్నుంచి మళ్లీ ఆడాలి," అన్నారు మేడమ్. "మాస్టారు గెలిస్తే బొమ్మ బీరువాకే. ముందే చెబుతున్నా, మళ్లీ నామీద పడొద్దు."

గెలిచేసిన ఆటను బ్రదర్ తన చేతులతోనే వెనక్కి తిప్పుకున్నాడు. ఆయన సిపాయిల్ని లాకులోంచి తీశాం. నా పన్నెండుమందినీ గట్టు మీదికి తెచ్చాం. దండనాయకుడు వాళ్ల నడుమ పక్కకు వాలి ఉన్నాడు. ఒక్కొక్కరి తరఫునా పాచిక వేస్తుంటే బ్రదర్ నా కంటే ఎక్కువ వంగి చూశాడు. నిలబడాల్సింది నా సైన్యం. పారిపోతే ఆయనకు లాభం. అయినా మొదటివాడికి ఐదు పడగానే, "శభాష్!" అన్నది ఆయనే. రెండోవాడు పోయాడు. మూడోవాడికి మూడు పడింది, ఒకటి కలిపితే నిలబడ్డాడు. అందరి వంతూ అయ్యేసరికి ఎనిమిదిమంది మిగిలారు.

అప్పటినుంచి నేను ఆడిన ఆట నాకు ఇప్పటికీ ఇష్టం. కాపాడుకోవలసిన ఆరంగుళాల వలయం ఇక లేదు. ముగ్గుర్ని గడ్డివాము దగ్గరకు పంపాను, ఎప్పుడో పంపవలసినవాళ్లు. వాళ్లు విలుకాళ్లను వెనక్కి తరిమారు. మిగిలినవాళ్లు లాకు తలుపుల దగ్గర నిలబడ్డారు. బ్రదర్ వైపు మంది ఎక్కువ. పడమటి తలుపు నుంచి లోపలికొచ్చాడు. తూర్పు తలుపు దగ్గర నావాళ్లు ఇద్దరు కదలకుండా ఉండిపోయారు. ఆఖరి వంతు అయ్యేసరికి లాకులో సగం ఆయనది, సగం నాది.

మేడమ్ వంగి, టేపు పెట్టి రెండుసార్లు కొలిచారు. "ఎవరిదీ కాదు. సమానం."

సమానమైతే ఏం చేయాలో మా పద్ధతిలో లేదు. ఇంతవరకు అలా ఎప్పుడూ జరగలేదు. మేడమ్ నా వైపు తిరిగారు. "అభ్యంతరం మీది. ఉంచుకుంటారా, వదులుకుంటారా?"

బ్రదర్ నా మొహం వైపు చూడలేదు. వాలిపోయిన బొమ్మకు అంటిన దుమ్ము వేలితో తుడుస్తున్నాడు. ఆయన అడగడని నాకు తెలుసు. అడిగి ఉంటే నాకు కష్టమయ్యేది. అడిగినందుకు ఇచ్చానా, న్యాయమనిపించి ఇచ్చానా అని నన్ను నేను అనుమానించుకునేవాణ్ణి. అడగలేదు కాబట్టి లెక్క ఒక్కటే చూసుకున్నాను. ఐదుగురు సిపాయిల్ని వదులుకుని దండనాయకుణ్ణి తీసుకున్నాను. ఆయన బతికున్నంతసేపు లాభపడ్డాను, పడ్డాక నష్టపోయాను. చివరికి ఇద్దరం సమానంగా మిగిలాం. అంటే ఆయన ఖరీదు సరిపోయిందన్నమాట. ఇంతకంటే సరైన రుజువు నేను కోరినా దొరకదు.

"వదులుకున్నాను," అన్నాను. "కొత్త కార్డు రాయండి. రెండో నియమం ఇప్పుడు చెప్పినట్టు."

బ్రదర్ అప్పుడు తలెత్తాడు. ఆపరేషనైన కన్ను మరీ ఎక్కువగా మెరిసింది. ఆ మెరుపు సంగతి నేను ఎత్తలేదు.

"మాస్టారూ, మీరు జీవితంలో ఒప్పుకున్న మొదటి పెద్దమనిషి వీడేనేమో!"

"వీణ్ణి నేనెక్కడ ఒప్పుకున్నాను? వీడు పోయాక నిలబడ్డ ఎనిమిదిమందిని ఒప్పుకున్నాను."

"ఆ ఎనిమిదిమందినీ ఎవరు నిలబెట్టారట?"

"పాచిక."

"అబ్బో! మొత్తానికి ఏదో ఒకదాన్ని నమ్ముతున్నారన్నమాట."

"బస్సండీ బాబూ, బస్సు," అని మేడమ్ బ్యాగు భుజాన వేసుకున్నారు. తలుపు దాకా వెళ్లి ఆగారు. బల్ల మీద బ్రదర్ అప్పటికే సిపాయిల్ని ఆట మొదలెట్టే చోట్లలోకి సర్దుతున్నాడు. దండనాయకుణ్ణి ఈసారి తన వైపు పెట్టుకున్నాడు.

"మళ్లీనా?" అన్నారు మేడమ్.

"మాస్టారు వాణ్ణి ఆడటం చూశారుగా, మామిడిపండు చుట్టూ ఈగల్లాగా గుంపు కట్టించారు. వాణ్ణి ఎలా ఆడాలో నేను చూపిస్తాను."

మేడమ్ గడియారం చూసుకున్నారు, మమ్మల్ని చూశారు, బ్యాగు కుర్చీలో పడేశారు. "పామర్రుకి తర్వాతి బస్సు కూడా ఉందిలెండి. మాస్టారూ, ఈసారి ఆ వాము దగ్గర ముందే ఇద్దర్ని పెట్టుకోండి."

"నిర్ణేతలు సలహాలివ్వకూడదు," అన్నాడు బ్రదర్, టేపు విప్పుతూ.